శూన్యసమితియు న గణమును

తెలంగాణ పదవ తరగతి గణితపుస్తకమున వాస్తవ సంఖ్యల వెనువెంటనే వచ్చునదియు, కేంద్రీయ పాఠ్యప్రణాళికను అనుసరించువారికి పదునొకండవ తరగతిలో మొట్టమొదట ఎదురగునదియు నగు సమితుల అధ్యాయము, పైకి చూచినంతలో మిక్కిలి సులభమైనదిగా కన్పట్టును. అందు దీర్ఘమైన భాగహారములు లేవు. సమీకరణములను సాధించు శ్రమయు అంతగా లేదు. ఫ్లవరు బ్రాకెట్ల నడుమ నాలుగంకెలనో నాలుగక్షరములనో వ్రాసి, వాని ఉపసమితులన్నిటిని వరుసగా పేర్చి, పదునాఱు వచ్చినవని సరిచూచుకొన్నచో ఇంటిపని ముగిసినట్లే. మరునాడు ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో టిక్కు పెట్టును, తలిదండ్రులు సంతసింతురు, గైడు పుస్తకమువారు బిట్టు ప్రశ్నలకు జవాబులు ముందే అచ్చువేసి యుంతురు. ఇంత నిరపాయముగా సాగిపోవు ఈ పాఠమున విద్యార్థి నిజముగా తడబడు తావులు రెండు గలవు. ఆ రెంటిని మనము 'గుర్తుంచుకొనుము' అను ఒక్క మాటతో దాటించివేయుచున్నాము. నా అభిప్రాయమున ఆ తడబాటులే ఈ పాఠమునకు ప్రాణము. వానిని తప్పించి నేర్పిన సమితులు నేర్పనివానితో సమానము.

మొదటి తడబాటు, ఒక వస్తువు సమితికి మూలకమగుటకును, ఒక సమితి మఱియొక సమితికి ఉపసమితి యగుటకును గల భేదమును గూర్చినది. ఆంధ్రప్రదేశమునందలి జిల్లాల సమితిని తలంచుడు. గుంటూరు జిల్లా అందొక మూలకము. తెనాలి పట్టణము గుంటూరు జిల్లాలోనిది. ఐనంతమాత్రమున తెనాలి జిల్లాల సమితిలో మూలకమగునా? కానేరదు, అది జిల్లా కాదు గనుక. ఇక జిల్లాలను విడిచి మనుష్యులను తీసికొనుడు. తెనాలి నివాసుల సమితి గుంటూరు జిల్లా నివాసుల సమితికి ఉపసమితి. గుంటూరు జిల్లా నివాసుల సమితి రాష్ట్రవాసుల సమితికి ఉపసమితి. కావున తెనాలివారందఱు రాష్ట్రవాసుల సమితిలోనివారే యని నిస్సంశయముగా చెప్పవచ్చును. మూలకత్వము ఒక మెట్టుతో ఆగిపోవుటకు అవకాశము గలదు. ఉపసమితిత్వము మెట్టు వెంట మెట్టుగా సాగిపోవును. ఇటలీ దేశపు గణితవేత్త పెయానో 1889లో 'చెందును' అను దానికి గ్రీకు ఎప్సిలాను అక్షరమును గుర్తుగా నిలిపినది ఈ భేదమును కంటికి కట్టించుటకే. కాని మన నోటుపుస్తకములలో ఆ గుర్తును, ఉపసమితి గుర్తును వంకరలో స్వల్పభేదము గల రెండు కొక్కెములుగా మాత్రమే మిగిలినవి. ఏ కొక్కెము ఏ ప్రశ్నకు వేయవలెనో జ్ఞప్తియందుంచుకొన్నవాడు ఉత్తీర్ణుడగుచున్నాడు.

ఈ భేదమునకే చేరిన మఱియొక చిక్కు కలదు. ఒక్క మూలకము గల సమితియు, ఆ మూలకమును ఒకటి కావు. బాలురకు ఇది వట్టి చాదస్తముగా తోచును గాని, పరిపాలనావ్యవహారములను ఎఱిగిన పెద్దలకు ఇందు వింత లేదు. ప్రభుత్వము ఏకసభ్య సంఘమును నియమించును. ఆ సంఘము వేఱు, అందలి పెద్దమనిషి వేఱు. ఆయన సాయంకాలము ఇంటికి పోయి భోజనము చేసి నిద్రించును, సంఘమునకు ఆకలి నిద్రలు లేవు, గడువు పొడిగింపులు మాత్రమే యుండును. జీవో వెలువడి సభ్యుల నియామకము జరుగక నిలిచిపోయిన సంఘములును లేకపోలేదు; అట్టిది సాక్షాత్తు శూన్యసమితియే. అందు సభ్యులు లేకున్నను సంఘమే లేదనుటకు వీలులేదు, దానికొక ఫైలు నంబరు గలదు. ఒక శాఖ క్రింద ఇట్టి సంఘము ఒక్కటియే యున్నదనుకొందము. ఆ శాఖలోని సంఘముల పట్టిక ఖాళీ యగునా? కాదు, అందు ఒక పేరు గలదు. శూన్యసమితిని మూలకముగా గల సమితి శూన్యసమితి కాదని పాఠ్యపుస్తకము చెప్పు వాక్యమునకు అర్థమింతే.

రెండవ తడబాటు మఱింత లోతైనది. శూన్యసమితి ప్రతి సమితికిని ఉపసమితి యని పుస్తకము శాసించును. మూలకమే లేనిది ప్రతిదానిలోను భాగమగుట యెట్లని తెలివిగల పిల్ల ప్రశ్నించును. ఆ ప్రశ్నకు తఱచుగా వచ్చు సమాధానము అది నియమమని. నిజమునకు దీనికి చక్కని సమాధానము గలదు, అదియును మూడు వాక్యములలో చెప్పదగినది. మొదటి సమితిలోని ప్రతి మూలకమును రెండవ సమితిలో నున్నయెడల మొదటిది రెండవదానికి ఉపసమితి. కాదని వాదించువాడు మొదటిదానిలో నుండి రెండవదానిలో లేని మూలకము నొకదానిని తెచ్చి చూపవలెను. శూన్యసమితి విషయమున చూపుటకు ఏమియు లేదు, కావున ఆ వాది ఓడిపోవును. కుందేటి కొమ్ములన్నియు వెండివే యని ఒకడు పలికినచో, వానిని అబద్ధికుడని నిరూపింపగోరువారు వెండిది కాని కుందేటి కొమ్మును ఒక్కదానిని తేవలసియుండును. ఎవడు తేగలడు?

ఇంతటితో పిల్ల సమాధానపడకపోవచ్చును. పడకపోయినచో ఆమెను మందబుద్ధి యనరాదు, ఏలయన ఆమె పక్షమున మహానుభావులు గలరు. ఆంధ్రుడై కాశీలో కీర్తి గడించినట్టి అన్నంభట్టు, బాలురకు సులభముగా బోధపడుటకే రచించితినని తానే చెప్పుకొన్న తర్కసంగ్రహమున, ఆకాశమున పూచిన పద్మమునకు పరిమళమును సాధింపబూనుటను దోషముగా పరిగణించి, దానికి ఆశ్రయాసిద్ధమని పేరిడెను. పద్మమగుటచేత అదియు పరిమళించును అని హేతువు చెప్పినను, ఏ పద్మమును గూర్చి వాదము నడచుచున్నదో ఆ పద్మమే లేనప్పుడు ఆ వాదము నిలువదని నైయాయికుల సిద్ధాంతము. అరిస్టాటిలు సంప్రదాయమునందలి పాశ్చాత్యతర్కమున సైతము 'అందఱు' అన్నప్పుడు 'కొందఱైనను గలరు' అను భావము చిరకాలము అంతర్లీనమై యుండెను. పందొమ్మిదవ శతాబ్దిలో బూలు, వెన్ను మొదలగువారు తర్కమునకు బీజగణితపు రూపము నిచ్చుచు ఆ భావమును తొలగించిరి. వృత్తములు గీచి ఇంటిపనిలో పిల్లలు ఏ చిత్రములకు రంగులు వేయుచున్నారో ఆ చిత్రములను 1880లో ప్రకటించిన జాన్ వెన్ను ఈతడే. కావున శూన్యసమితి సర్వసమితులకు ఉపసమితి యనునది ఆకాశమునుండి ఊడిపడిన సత్యము కాదు. ప్రయోజనము నాలోచించి గణితవేత్తలు చేసికొన్న నిర్ణయము. నిర్ణయమైనప్పుడు దానికి కారణముండవలెను, ఆ కారణమును తెలిసికొను హక్కు పదునాలుగేండ్ల పిల్లకు సైతము కలదు.

కారణములలో ఒకటి స్పష్టమే. రెండు సమితులకు ఉమ్మడియైన భాగము ఆ రెంటికిని ఉపసమితి యని మనము నిర్భయముగా చెప్పుచుందుము. సరిసంఖ్యలకును బేసిసంఖ్యలకును ఉమ్మడి భాగమేది? ఏమియు లేదు, అనగా శూన్యసమితి. దానిని ఉపసమితి కాదని వెలివేసినచో, ఉమ్మడి భాగమును గూర్చిన ప్రతి సిద్ధాంతమునకును 'ఉమ్మడి యేమైన నున్నపక్షమున' అను తోక తగిలింపవలసివచ్చును. రెండవ కారణము లెక్కకు సంబంధించినది. దానిని గూర్చి నేను కొంత విస్తరించి చెప్పదలచితిని, ఏలయన అది తెలుగు విద్యార్థికి గణితపు గంటలో గాక తెలుగు గంటలో లభించుచున్నది.

యమాతారాజభానసలగం అను సూత్రమును మన బడులలో నేర్వని బాలుడుండడు. లఘువు గురువులను మూడేసి చొప్పున కూర్చినచో ఎనిమిది గణములేల రావలెను, ఏడో తొమ్మిదో యేల రారాదని తెలుగు పండితుడు అడుగడు. మూడు మూలకముల సమితికి ఎనిమిది ఉపసమితులేల యని గణితోపాధ్యాయుడును అడుగడు. ఇరువురు పక్కపక్క గదులలో ఒక్క విషయమునే బోధించుచు ఒకరినొకరు ఎఱుగకయే పదవీ విరమణ చేయుచున్నారు. గణములో స్థానములు మూడు: మొదటిది, రెండవది, మూడవది. గురువు నిలిచిన స్థానములను మాత్రము ఏఱి చెప్పినచో గణము తెలిసిపోవును. మొదటి స్థానము మాత్రమే ఏఱిన భ గణము, రెండవది మాత్రమే ఏఱిన జ గణము, మూడవది మాత్రమే ఏఱిన స గణము. మొదటి రెండును ఏఱిన త గణము, మొదటి మూడవ స్థానములను ఏఱిన ర గణము, కడపటి రెండును ఏఱిన య గణము. మూటిని ఏఱిన మ గణము. ఇవి ఏడు. ఏ స్థానమును ఏఱక విడిచినచో వచ్చునది మూడు లఘువుల న గణము. స్థానసమితి యొక్క ఉపసమితులలో శూన్యసమితి ఏదో ఛందస్సున న గణము అదియే.

శూన్యసమితి ఉపసమితి కాదని పట్టుపట్టువాడు న గణమును ఛందస్సునుండి తొలగింపవలసి యుండును. తొలగించినచో న గణము నడుమ గల ఉత్పలమాల గాని, న గణముతో మొదలగు చంపకమాల గాని మనకు మిగులవు. ప్రతి స్థానమునకు గురువా లఘువా యని రెండే మార్గములు. స్థానములు మూడగుటచే రెండు రెండ్లు నాలుగు, నాలుగు రెండ్లు ఎనిమిది. మూలకమొకటి పెరిగినప్పుడెల్ల ఉపసమితుల సంఖ్య రెట్టింపగును అను సూత్రమునకు ఇంతకన్న సుందరమైన నిదర్శనము మన భాషలో లేదు. ఒక్క గురువు గల గణములు మూడు, రెండు గురువులు గలవి మూడు, అసలు లేనిది ఒకటి, అన్నియు గురువులే యైనది ఒకటి: ఒకటి, మూడు, మూడు, ఒకటి. పింగళుని ఛందశ్శాస్త్రమునకు పదవ శతాబ్దిలో వ్యాఖ్య రచించిన హలాయుధుడు మేరుప్రస్తారమను పేర వివరించిన అంకెల శిఖరములో ఇదియొక వరుస. గురువులకు బదులు లఘువుల స్థానములను ఏఱుదుమన్నచో మ గణము శూన్యసమితి యగును, న గణము సంపూర్ణసమితి యగును. పాఠ్యపుస్తకమున పూరక సమితి యనునది ఇట్టిదే.

ఇంకను ఒక ముచ్చట. పాదమునకు ఇరువది యక్షరములు గల వృత్తములు కృతిచ్ఛందమునకు చెందినవి. స్థానములు ఇరువది గనుక సాధ్యమగు వృత్తములు 10,48,576. ఇందు ఉత్పలమాల 3,55,799వ వృత్తమని మన ఛందోగ్రంథములు చెప్పును. అంతటి సంఖ్యను పూర్వులు కూర్చుండి ఒక్కొక్క వృత్తమే లెక్కించి కనుగొనలేదు. ఉద్దిష్టమను ప్రక్రియచే సాధించిరి. అక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపు సంఖ్యలను వ్రాసికొని, లఘువులపై నున్న సంఖ్యలను మాత్రము కూడి, మొత్తమునకు ఒకటి చేర్చవలెను. ఉత్పలమాల భ ర న భ భ ర గణములతోను, చివర లఘువు గురువుల వ గణముతోను నడచునది. అందు లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానములలో నుండును. ఆ పండ్రెండు స్థానముల మీది సంఖ్యలను కూడినచో 3,55,798 వచ్చును, ఒకటి చేర్పగా పూర్వులు చెప్పిన సంఖ్యయే సిద్ధించును. కాగితము కలము తీసికొని పాఠకులు స్వయముగా కూడి చూచుకొనవచ్చును. ఒక్క సంఖ్యలో ఒక ఉపసమితి సమగ్రముగా ఇమిడియున్నది. సంఖ్యను బట్టి మరల ఆ ఉపసమితిని వెలికితీయు ప్రక్రియకు నష్టమని పేరు. నేటి కంప్యూటరు సైతము ఉపసమితిని ఒకటులు సున్నల వరుసగా మార్చి ఇట్లే దాచుకొనును. అన్నియు గురువులైన వృత్తమున కూడవలసిన సంఖ్య యేదియు లేదు. సున్నకు ఒకటి చేర్పగా దానికి ప్రథమస్థానము దక్కును. ఏమియు ఏఱకపోవుటను కూడ ఒక ఏరికగా లెక్కించుట ఎంత అవసరమో దీనివలన తెలియును.

ఇంత చెప్పినంతమాత్రమున సమితివాదమును మనవారే కనుగొనిరను దురభిమానము నాకు లేదు. పింగళుడు లెక్కించినది పరిమితమైన వర్ణవిన్యాసములను. జర్మనీలోని హాలె నగరమున ఆచార్యుడుగా నుండిన జార్జి కాంటరు అనంతమైన సమితులను ఒకదానితో నొకటి పోల్చి, ఎట్టి సమితికైనను దాని ఉపసమితుల సమితి అంతకంటె పెద్దదగునని 1891లో నిరూపించెను. ఆ పనికిని, లఘుగురువుల విన్యాసములను వరుసగా పేర్చు ప్రస్తారమునకును నడుమ గల దూరము కొలువరానిది. శూన్యసమితికి నేడు మనము వ్రాయు గుర్తును, అనగా సున్నకు అడ్డముగా గీత కొట్టినట్లుండు నార్వే భాషాక్షరమును, గణితమునకు తెచ్చినది ఆంద్రే వెయిల్ అను ఫ్రెంచి గణితవేత్త. సంస్కృతము నేర్చి గీతను మూలముననే చదివిన ఈ పండితుడు 1930 మొదలు 1932 వఱకు ఆలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున గణితాచార్యుడై యుండెను. మన పిల్లలు ఆ గుర్తును సున్నతో పొరబడుచు మార్కులు పోగొట్టుకొనుచున్నారు గాని, దాని వెనుక నొక మనుష్యుడున్నాడని వారికెవ్వరును చెప్పరు.

సమితులను బడిపుస్తకములనుండి తొలగించుటయే మేలనువారును గలరు. వారి వాదమునకు చరిత్రలో బలము లేకపోలేదు. 1957లో రష్యావారు స్పుత్నికును ఎగురవైచిన పిదప అమెరికావారు కంగారుపడి నవ్యగణితమను పేర పసిపిల్లల పాఠములలో సైతము సమితులను చొప్పించిరి. 1960వ దశాబ్దిలో కాలిఫోర్నియా రాష్ట్రపు పాఠ్యపుస్తకములను పరిశీలించిన సంఘమున సభ్యుడైన భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డు ఫైన్‌మను, సమితుల పరిభాషను నేర్పుచున్నారే గాని ఆ పరిభాషతో చేయవలసిన పని నొకదానిని చూపుట లేదని ఆక్షేపించెను. 1973లో గణితాచార్యుడు మారిస్ క్లైను పిల్లవానికి కూడిక రాకపోవుటకు కారణమిదియే యని ఒక గ్రంథమునే రచించెను. ఫైన్‌మను చేసిన ఆక్షేపణ మన పుస్తకములకు అక్షరాల వర్తించును. ఐనను అందువలన పాఠమును తీసివేయవలెనని నేననను. ఆయన అడిగినది పని చూపుమని. మన యొద్ద పని సిద్ధముగా నున్నది. లెక్క, తర్కము, ఛందస్సు ఇంత చక్కగా కలియు పాఠము ఆ పుస్తకమున మఱియొకటి లేదు.

లోపము పాఠమున లేదు, ఇంటిపనిలో నున్నది. ఐదు మూలకముల సమితికి ముప్పది రెండు ఉపసమితులను వ్రాయించుటలో చేతినొప్పియే గాని జ్ఞానము లేదు. నాలుగు మూలకముల సమితికి వ్రాసిన పట్టికనుండి ఐదవ మూలకము చేరినప్పుడు రెట్టింపు పట్టిక యెట్లు పుట్టునో రెండు వాక్యములలో వ్రాయుమనుట మేలు. 'మంచి కవుల సమితి' సమితి యగునా యని అడిగి, కాదని గైడులో నున్న జవాబును వ్రాయించుటకంటె, 'కాకి' అను పదములోని అక్షరముల సమితిలో మూలకములెన్ని యని అడిగినచో పిల్లవాడు ఆలోచనలో పడును: కా, కి అని రెండా, క యను హల్లొక్కటియేనా? అక్షరమనగా నేమో ముందు తేల్చనిదే సమితి యేర్పడదని వానికే తోచును. ఇట్టి ప్రశ్నలకు జవాబు ఒక్క పంక్తిలో తేలదు, దిద్దుటకు ఉపాధ్యాయునకు కాలము పట్టును, అఱువదిమంది పిల్లలున్న తరగతిలో అది సులభము కాదు. ఆ కష్టమును నేను కాదనను. కావుననే ఇంటిపనిలో పది లెక్కలకు బదులు మూడు ఇండని మాత్రమే కోరుచున్నాను.

తలిదండ్రులకు ఒక మాట. మీ పిల్ల రాత్రివేళ నోటుపుస్తకముతో వచ్చి శూన్యసమితి అన్నిటికిని ఉపసమితి యెట్లగునని అడిగినచో, పుస్తకములో నున్నది వ్రాసికొమ్మని పంపివేయకుడు. కాదని నిరూపించుటకు ఏమి చూపవలెనో ఆమెనే అడుగుడు. ప్రశ్నపత్రములను కూర్చు పెద్దలకు నా విన్నపము ఇంతకంటె చిన్నది. సమితుల అధ్యాయమునుండి వచ్చు ప్రశ్నలలో ఒక్కదానికైనను చివర 'ఏల?' అను మాటను చేర్చి, దానికి రెండు మార్కులు కేటాయింపుడు. పరీక్షలో అడుగనిదానిని మన బడులలో ఎవ్వరును నేర్పరు.